ముందు తూకం

పొద్దుగాల ఆరు కొట్టంగనే
వాడపల్లి హైస్కూలు మిద్దెక్కుత.
ఇనుప నిచ్చెనకు పదిహేడు మెట్లు,
పద్నాలుగోది ఊగుతది.
పైన నా డబ్బా.
రాత్రంతా గుయ్యిమనుకుంట
ఊరి గాలిని గుంజుతనే ఉంటది.
దాని నోట్లె ఒక తెల్ల కాయితం.
నిన్నటిది తీయాలె, ఇయ్యాల్టిది పెట్టాలె.
గింతే నా కొలువు. కాంట్రాక్టుది.

చిమ్టాతోనే పట్టాలె, చెయ్యి తగలొద్దు.
నీ చెమట బరువు గూడ లెక్కల కలుస్తదని
మొదటిరోజే సారు చెప్పిండు.

కాయితం చూస్తె నాకు నెల తెలుస్తది.
రోహిణి కార్తెల అది ఎర్రమట్టి రంగు,
మూసి ఎండి లేసిన ఇసుక, లారీలు తొక్కిన రోడ్డు.
అది కనబడే దుమ్ము, నిజాయితీ గల్లది,
కండ్లల్ల పడ్తది, తుమ్మితె పోతది.
మిర్గం వానకు కాయితం
పెట్టినట్టే తిరిగొస్తది,
అంచున ఒక్క తడి మరక.
యాప ఆకులు పచ్చగుంటయని
అప్పుడు యాదికొస్తది అందరికి.

వడ్లు మిల్లుకు పడ్డంక
ఊక బూడిద ఎగురుతది,
నల్ల దూదిపింజలు,
ఆరేసిన అంగీల మీద కూసుంటయి.
కాయితానికి ఉడికిన వడ్ల వాసన.

పూసమాసమే పాడు.
చిమ్నీ పొగ తాటిచెట్టంత లేస్తది,
ఇగ లేవలేక అడ్డంగ పండుకుంటది.
రెండు నదులు కలిసే కాడి మంచు
మీదికెల్లి మూత వెడ్తది.
ఆ నెల కాయితం నల్లగుండదు, తెల్లగుండదు.
పూత పూయని గోడ రంగు.

దిగి వస్తుంటె గేటు కాడ మహబూబ్బీ చాయ డబ్బా.
"ఏమంటున్నది నీ కాయితం?" అంటది.
చెప్పొద్దు, రూలు.
"చెప్పకు తీ" అని
పాలగిన్నె మీది గుడ్డ తీసి దులిపి చూపెడ్తది.
నా కాయితం రంగే.
దానికి కరెంటు లేదు, పంపు లేదు,
నెలకోసారి హైదరాబాద్ పోదు.

తమ్ముడు సైదులుది ఫ్యాక్టరీల ప్యాకింగు.
పొగ ఆగిన వారం
మా ఇంట్ల దగ్గు తక్కువ, ఓటీ తక్కువ.
ఏది మంచిదో తేలక
రాత్రి అన్నం కాడ ఇద్దరం మాట్లాడుకోం.

ఏడాది చివర సారు కూడుతడు, భాగిస్తడు.
మిర్గం తెలుపు తీసి
పూసమాసం మీద సున్నం లెక్క పూస్తడు.
సగటున ఊరు మంచిగనే ఉన్నది.
సారు తప్పు రాయలే, నేను సూసిన, లెక్క సరిగ్గనే ఉన్నది.
కని తండాల ధరావత్ చాందిని
అర్ధరాత్రి కొడుకును భుజానేసుకొని
మిషను పెట్టించనీకి దవాఖానకు ఉరికినప్పుడు
పిలగాడు సగటు గాలి అడగలే,
ఆ రాత్రి గాలే అడిగిండు.

ఒక సంగతి చెప్పాలె.
కాయితాన్ని పెట్టకముందు తూస్తరు,
తీసినంక తూస్తరు.
నడుమ తేడానే గాలి.
ముందు తూకం రాయని కాయితం చెల్లదు,
ఎంత మసిబట్టినా పక్కకు పారేస్తరు.

మొన్న మహబూబ్బీని మిర్యాలగూడ తోల్కపోయిన.
డాక్టరు ఫోటో తీయించి వెలుగుకు పెట్టి చూసిండు,
"పాతది ఉన్నదా? పదేండ్ల కింద తీసింది?" అన్నడు.
ఆమె నా దిక్కు చూసింది.
నేను చెప్పుల దిక్కు చూసిన.
"పాతది ఉంటె, ఎంత ఎక్కిందో చెప్పొచ్చు" అన్నడు.

ఇయ్యాల పొద్దుగాల దిగేసరికి
ఊకపొయ్యి సరిగ్గ అంటుకుంట లేదు.
పైన మంచు, కింద పొగ.
ఆ ఎక్స్‌రే ఫిలిం మడతవెట్టి
మహబూబ్బీ పొయ్యికి ఊపుతున్నది.
మంచిగ గట్టిగుంది, అన్నది,
అట్టముక్క కన్న నయం.