ఈల

తొట్టి నీళ్లల్ల ట్యూబు ముంచితే
బొక్క యాడుందో నీళ్లే చెప్తయి.
ఈ కుక్కకు బొక్క యాడుందో
నాలుగు నెలలు నాకు తెల్వలే.

మాఘమాసం పోంగ ఒకనాడు మబ్బుల
కొండమల్లేపల్లి చౌరస్తల
పంచర్ షాపు తడిక తీస్తుంటే
కంప్రెషర్ ఎనుక ముడుసుకోని పండుకోనుంది.
ముందటి కాలు నలిగింది.
మెడల ఊలు తాడు, తాడుకొక ఇత్తడి గజ్జె,
గజ్జెల గుండు లేదు. మోగదు.

"ఎవలదో పాపం, వస్తరు తియ్యి" అన్నది సైదాబి.
రెండు తడక బద్దలు పెట్టి
సైకిల్ ట్యూబు కోసి కాలుకు సుట్టిన.
అప్పట్సంది దాని పేరు ట్యూబు.

అడగని మనిషి లేడు.
దేవరకొండ బస్సు కండక్టర్నడిగిన.
మిర్యాలగూడ వడ్ల లారీలు ఆగితే
గాలి కొట్టుకుంట కొట్టుకుంట అడిగిన.
మా పిలగాడు జానిమియా
పంచాయతాఫీసు గోడకు నోటుబుక్కు కాయితం అంటిచ్చిండు:
"కుక్క దొరికినది. ఎర్రది. ఒక చెవి తెల్లది.
గుర్తులు చెప్పి తీసుకొని పోగలరు."
ముగ్గురొచ్చిండ్రు.
ఒకాయన చూడకముందే మాదే అన్నడు,
తెల్లచెవి కుడిదా ఎడమదా అంటే నెత్తి గోక్కున్నడు.
కడమ ఇద్దరు చూసి, మాది కాదని,
ఉత్తగ మర్లిపోలేక
దాని తల నిమిరి పోయిండ్రు.

కాలు కూడినంక దానికొక యావ.
సాయంత్రం బడి ఇడిస్తే చాలు
పిల్లలందర్ని రోడ్డుకు ఒక్క పక్కకే తోలేది.
ఒక్కడు ఐస్‌బండి దిక్కు జరిగితే
వానెంబడి ఉరికి, మడిమెలు మూతితో నెట్టి
తెచ్చి గుంపుల కలిపేది.
అప్పుడన్న నాకు సమజ్ కావాలె.
కాలే.

మిరుగం వచ్చిన నాలుగొద్దులకు
సాగర్ దిక్కు దుమ్ము లేసింది.
దుమ్ముల తడిసిన ఊలు వాసన.
ట్యూబు చెవులు లేసినయి, తోక లేవలే.
ఐదారు వందల జీవాలు, రోడ్డంత అయ్యే,
బస్సులాగి ఒకటే హారన్లు.
గొంగడి భుజానేసుకున్న మనిషి
షాపు ముంగటికొచ్చి తటాయించి నిలవడి
రెండేళ్లు నాలిక కింద పెట్టి ఈలేసిండు.
పొడుగుది కాదు. సగంల తెగే ఈల.

తొట్టిల బుడగలు లేసినట్టు
ఒళ్లంత లేసింది కుక్క.

కొంరెల్లి అట, ఉప్పునుంతల దిక్కాయన.
నిడమనూరు మళ్లల్ల మంద పెట్టి వాపస్ పోతుండు.
పోయేటప్పుడు రాత్రి ఈన్నే లారీ మీదికొచ్చింది,
రెండు గొర్లు సచ్చినయి, మంద చెదిరింది.
"తెల్లారి గొర్లను లెక్కవెట్టుకున్న.
దీన్ని లెక్కవెట్ట మర్సిన" అన్నడు.
ఆ మాట అన్నంక చానసేపు ఏమన్లే.
దీని పేరేందన్న.
"పేరేడిది? ఈలనే."

గొర్రెపిల్లనిస్తనన్నడు, వద్దన్న.
చాయ తెప్పిస్తే తాగిండు,
సాసర్ల సగం దానికి పోసిండు.
దానికి చాయ ఇష్టమని నాకెవలు చెప్పాలె?
జానిమియా లోపట
వంకర లేని రిమ్మును సుత్తెతోని కొడ్తనే ఉన్నడు.
సైదాబి ఒక్కతే లెక్క తెంపింది:
"మీకు దొరికె. మాకు పోయె.
నీళ్లు తాపి తోల్కపోండ్రి."

పంచర్ తొట్టిల్నే తాగింది,
రోజటి లెక్కనే, ఆ నల్లనీళ్లు.
పోయి మందల కలిసింది.
ఒక్కపారి మర్లి సూడలే.
సూస్తదని నిలవడ్డందుకు నాకే సిగ్గయింది.

దేవరకొండ తొవ్వ మలుపు కాడ
మంద తోక మాయమైతుంటే ఈల ఇనొచ్చింది.
ఎంబడే, కొత్త మాటను నోట్ల తిప్పి చూసుకున్నట్టు,
మెల్లగ, "ట్యూబూ..."

దేనికి ఉరికిందో
ఇంత దూరం నుంచి కనవడది.
ఎవలో స్కూటర్ నూకుకుంట వచ్చి నిలవడ్డరు.
ఎనుక టైరట.