ఒక టేపు ఎడం

మురకంబట్టులో ఇల్లు కట్టుకున్న మొదటి వానలకు
పన్నెండు మొక్కలు తెచ్చి
ప్రహరీ పొడుగునా గుచ్చేసినాను,
జాకెట్టుకు హుక్కులు కుట్టినట్టు.
మందారం, నందివర్ధనం, నూరువరహాలు, మళ్ళీ మందారం.
మొక్కకూ మొక్కకూ నడుమ మూరెడు కూడా లేదు.
నేల కనపడితే నాకు సిగ్గు,
గుడ్డ చాలక అతుకేసినట్టుంటుందని.

ఆ ఏడు ఎంత బాగుండిందో.
బస్సు దిగినోళ్ళు ఒక నిమిషం నిలబడి చూసేవాళ్ళు.
"నీ చెయ్యి మంచిది" అనింది ఎదురింటి వళ్ళెమ్మ,
పూజకని రోజూ గిన్నెడు కోసుకుపోతా.

మూడో ఏడు
మందారం ఆకు వెనక పిండి పట్టింది.
పిండి కాదు, పురుగు.
ఒకదాని కొమ్మ ఇంకొకదాని చంకలో దూరి
గాలాడక, ఎండ తగలక
కింద ఆకంతా రాలి కట్టెలు తేలినాయి.
పూలు మాత్రం గోడ దాటి
పక్కోళ్ళ బట్టల తీగ మీద పూసినాయి.
నూరువరహాలు ఎక్కడుందో వెతుక్కోవాల్సొచ్చింది.
దొరికేసరికి దానికి మూడే ఆకులు.

పలమనేరు రోడ్డు నర్సరీ దొరసామన్న వచ్చి చూసి
తిట్టలేదు. అడిగినాడు:
"బడిపిల్లోళ్ళ గౌన్లు కుడతావు కదమ్మా,
లోపల మడతెందుకు వదులుతావు?"
"పెరుగుతారని."
"మరి?" అన్నాడు.
అంతే. టీ తాగి పోయినాడు.

నూరువరహాలొక్కటి తప్ప అన్నీ పెరికేసినాం.
నా దగ్గర పని నేర్చుకునే గౌసియా
ఒక్కో మొక్కకూ ముక్కు చీదింది.
కొత్తవి ఎనిమిది అడిగితే ఐదే ఇచ్చినాడు దొరసామన్న,
వ్యాపారం తెలియనోడు.

తుపాను తడి నేలలో దిగినాక, పొద్దు వాలినాక,
టేపు పట్టుకోని దిగినాం.
ఒక కొన గౌసియా, ఒక కొన నేను.
అరవై ఇంచీలు. అంటే సరిగ్గా ఐదడుగులు.
ఇరవై రెండేళ్ళు మెడలో వేసుకోని తిరిగినా
అది నందివర్ధనానికీ నందివర్ధనానికీ మధ్య దూరమని
నాకు తెలియనే తెలియదు.

గోడకు మూడడుగులు ఇవతల గుంత.
మా ఎర్రనేలలో గడ్డపార ఖంగుమనింది,
రెండోనాటికి గాని అడుగున్నర దిగలేదు.
మాగిన పేడ, పిడికెడు వేపపిండి, తవ్విన మన్నే మళ్ళీ.
కవరు కత్తిరిస్తే
వేళ్ళు గుండ్రంగా చుట్టుకోని ఉన్నాయి,
బాబిన్‌కు దారం మాదిరి.
గోటితో విప్పినాను. కొన్ని తెగినాయి.
"తెగనీ" అన్నాడు దొరసామన్న ఫోన్లో.
పాదులో వేరుశెనగ పొట్టు పరిచినాం.
నీళ్ళు మొదట్లో పొయ్యకూడదంట, అంచున పొయ్యాలంట,
వేరు నడిచిపోయి తాగాలంట.
ట్యాంకరు వచ్చేది వారానికొకసారి.
అది కూడా నడిచే వస్తుంది మా వీధికి.

వళ్ళెమ్మ గేటు పట్టుకోని చూసింది.
"ఏంది మే, బోడిగుండు?
తోటను గాని కొండకు మొక్కుకున్నావా?"

నాకూ అట్లే అనిపించింది.
రాత్రి లేచి చూస్తే ఐదు పుల్లలు,
పుల్లల మధ్య చీకటి.
అబద్ధమెందుకు,
ఖాళీలో రెండు వరసలు గోరుచిక్కుడు వేసినాను.
అది కచ్చా కుట్టు. తర్వాత లాగేయొచ్చు.
లాగేసినాను కూడా.

ఈ వేసవిలో గౌసియా
కాజా కుడతా, తలెత్తకుండా చెప్పింది:
"అక్కా, గిరింపేటలో ఒక రూము బాడుగకుంది."
మా మిషన్లు రెండూ ఆనుకోనే ఉంటాయి,
నేను తొక్కితే ఆమె సూది అదురుతుంది.
చాలాసేపు ఏమీ అనలేదు నేను.
తర్వాత కిటికీ ఎంత వెడల్పని అడిగినాను.

నందివర్ధనం కొమ్మలు ఇంకా జానెడు దూరం.
సాయంత్రం ఐదుకు నీడలు మాత్రం కలుస్తాయి.
మధ్యలో ఎవరిదో కుక్క పడుకుంటుంది.
వళ్ళెమ్మ గిన్నె మళ్ళీ వస్తాంది.

నూరువరహాలే ఇంకా నన్ను నమ్మలేదు.
ఏడు ఆకులు.
లెక్క పెడతానే ఉండా.