మూడు గళ్ళు

ఎక్కాల పీరియడ్ అనగానే
మావుళ్ళు పలకని బల్లకేసి కొట్టేవాడు.
"బయటికి ఫో" అనేదాన్ని.
పోయేవాడు.
వరండా చివర, నరసాపురం కాలవ కనపడే చోట
స్తంభాన్ని కావిలించుకుని నిలబడేవాడు.
జూన్ నుంచి సెప్టెంబరు దాకా
మా ఇద్దరి మధ్యా నడిచిన పాఠం ఇదొక్కటే.
బాగా నేర్చుకున్నది వాడే.

గురువారం గురువారం
పాలకొల్లు నుంచి స్కూటీ మీద వచ్చే షంషాద్ గారు
వెనక బెంచీలో కూర్చుని రెండు పూటలు
వాణ్ణి ఎంత చూసిందో నన్నూ అంత చూసింది.
వెళ్తూ వెళ్తూ నా నోటుబుక్కులో
నిలువుగా రెండు గీతలు గీసింది.
"ముందేం జరిగింది. వాడేం చేశాడు. తర్వాత ఏమైంది.
అంతే రాయండి.
మొండి, పొగరు, మొద్దు
ఇవి పట్టే గడి ఇందులో లేదు టీచరుగారూ."

నిజమే, లేదు.
రాయబోయి ఎన్నిసార్లు పెన్ను ఆపుకున్నానో.
కంటితో చూసిందే రాయాలంటే
పదకొండేళ్ళలో నేను చూసింది ఎంత తక్కువ!

సోమవారం. ఏడో ఎక్కం. పలక. వరండా.
మంగళవారం. ఏడో ఎక్కం. పలక. వరండా.
బుధవారం తెలుగు వాచకం. చదివాడు. ఏమీ లేదు.
(ఆ "ఏమీ లేదు" మీద తర్వాత చాలాసేపు ఆగాను.
చదివినందుకు ఒక్క మాట కూడా అనలేదు నేను.)
శుక్రవారం. ఏడో ఎక్కం. పలక. వరండా.

శిక్ష అనుకుని నేను వేస్తున్నది
వాడికి కూలి.
పలక మీద ఒక్క దెబ్బకి
బాతుల మందా, తేలిపోయే గుర్రపుడెక్కా,
తూము మీద లకుముకిపిట్టా.

ఆ రాత్రి ఇంకోటి తోచి నిద్ర పట్టలేదు.
నేను అరిస్తే క్లాసు చప్పబడేది.
ఆ చప్పుడులేనితనం నా బెల్లంముక్క.
నా పేరు మీద కూడా మూడు గళ్ళు గీసుకున్నాను.

వరండా ఆపేసిన వారం
పలక రెండుగా పగిలింది.
షంషాద్ గారు ముందే అంది,
"కరెంటు పోతే స్విచ్చి మీరు ఎన్నిసార్లు నొక్కుతారు?
వాడూ అంతే. కాస్త ఓర్చుకోండి."
ఓర్చుకోవడం రాదు నాకు. పళ్ళు బిగించాను.

మంచిగా ఉంటే చింతపిక్కలిచ్చాను.
చెల్లెలికి ఇచ్చేశాడు.
బహుమతి ఏదో చెప్పాల్సింది
ఇచ్చే చెయ్యి కాదని అలా తెలిసింది.

చివరికి ఒక అట్టముక్క, మీద బాతు బొమ్మ.
"కష్టంగా ఉంటే కొట్టకు. ఇది నా బల్ల మీద పెట్టు.
రెండు నిమిషాలు వరండా నీది."
వరండా అదే.
అక్కడికి దారి మార్చాం, అంతే.

లాకుల దగ్గర లస్కరు చేసిన వాళ్ళ తాత చెప్పేవాడు,
పై నీళ్ళు ఒక్కసారిగా వదిలితే పడవ తిరగబడుద్దని.
ఏడొకట్ల ఏడు.
దానికే "శభాష్". ఇంక చాలు ఇవాళ్టికి.
మూడో రోజు ఏడు రెళ్ళు.
ఒక్కో జానెడు నీళ్ళు.

ఏప్రిల్లో కాలవ కట్టేశారు.
మావుళ్ళు బాతు అట్ట పెట్టి వెళ్ళాడు,
నిమిషం తిరక్కుండా వచ్చేశాడు.
"ఏఁరా?"
"నీళ్ళు లేవండి."
కూర్చుని, నా వైపు చూడకుండా,
"ఏడు ఆర్లు నలభై రెండు" అన్నాడు,
ఎవరూ అడక్కుండానే.

ఇది నా అట్టముక్క పనో, ఎండిన కాలవ పనో,
మొదటి గడిలో ఏది రాయాలో తెలియలేదు.
దాన్ని ఖాళీగా వదిలి
రెండో గడిలో చూసింది రాశాను:
తిరిగొచ్చాడు. కూర్చున్నాడు. చెప్పాడు.
మూడో గడిలో:
నేను నవ్వాను. వాడు చూశాడు.