పై ఇద్దరూ ఒక్కరే

పర్లాకిమిడి కోర్టు గేటు పక్కన
జెరాక్సు కొట్టుకీ జామకాయల బండికీ నడుమ
నా టేబులు.
ఒరియా కాగితం ఇంగ్లీషులోకి, పేజీ అరవై.
నా తప్పయితే మళ్ళీ కొడతాను, డబ్బులడగను.

లోపింటి వినీల మొదటిసారి వచ్చినప్పుడు
హెల్మెట్టు కూడా తియ్యలేదు.
"బాబాయ్, జర్మనీ వోళ్ళు అడుగుతున్నారు,
ఈ బినీళా ఎవరని."

బడి సర్టిఫికెట్టు చూశాను.
ఒరియా మాస్టారి తప్పేం లేదు,
ఆయన పలకలో ‘వ’ ఎప్పుడూ ‘బ’గానే కూర్చుంటుంది.
పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు,
ఆఫరు లెటర్లో వెనక.
పుట్టిన ఊరు మూడు కాగితాల్లో మూడు రకాలు:
కిమిడి, కిమెడి, ఖెముండి.
"ఒక పిల్ల మూడూళ్ళలో పుట్టిందేటని
వాళ్ళకి అనుమానం రాదేటి మరి" అన్నాను.
నవ్వలేదు.

బెంగుళూరులో పదకొండేళ్ళు.
మార్చిలో ఒక సోమవారం లాగిన్ అవలేదట.
పాస్‌వర్డు మర్చిపోయాననుకుని
మూడుసార్లు కొట్టి చూసుకుందట.
ఆ తర్వాత నూట నలభై దరఖాస్తులు.
ఆరింటికి జవాబు, అందులో ఐదు క్షమించమని.
ఆరోది డ్రెస్డెన్‌లో ఒక బ్యాంకు.
అక్కడ లెక్కలింకా కోబాల్‌లోనే నడుస్తాయట,
తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పింఛనులోకి పోతున్నారట.
"కొత్తలో భువనేశ్వర్లో ఎవరూ వద్దంటే
నాకంటగట్టారు బాబాయ్ ఆ పని.
ఆ రాత్రి ఏడిసేను."

నాకు తెలుసు ఆ ఏడుపు.
పాత కరణీ రాత చదవగలిగినవాళ్ళం
ఇక్కడ ముగ్గురం మిగిలాం.
భూమి తగాదా వస్తే తప్ప
మమ్మల్ని ఎవరూ పలకరించరు.
"మరి నీకు వీసా ఎవరిస్తారో" అంది.
అప్పుడు నవ్వింది.

రెండోసారి వచ్చింది జీతం కబురుతో.
వీసాకి ఒక గీత ఉందట.
ఆ గీతకి నూట పన్నెండు యూరోలు తక్కువట,
నెలకి కాదు, ఏడాదికి.
కంపెనీ పెంచితే ప్రయాణం,
పెంచకపోతే మళ్ళీ నూట నలభై ఒకటోది.
మనసులో లెక్క కట్టాను: పదకొండు వేల చిల్లర,
మా ఆవిడ కుట్టుమిషను ఖరీదు.
నేనిచ్చీగలను అనబోయి
స్టేప్లరు వెతుక్కున్నాను.

ఇరవై మూడు రోజులు వాళ్ళు జవాబు రాయలేదు.
మహేంద్రతనయ వంతెన మీద
పాతపట్నం టవరు సిగ్నలు బాగా అందే చోట
స్కూటీ ఆపి ఫోను చూసుకుంటూ
రెండుసార్లు కనిపించింది.
ఆగలేదు నేను. ఏమని ఆగను.

మూడోసారి స్టాంపు పేపరు తెచ్చింది.
కొట్టాను.
బినీళా లోపింటి, లోపింటి వినీల,
పై ఇద్దరూ ఒక్కరే.
కిమిడి, కిమెడి, ఖెముండి,
పై మూడూ ఒకే ఊరు.
నాకు తెలిసినంతవరకు ఇది నిజం.
‘తెలిసినంతవరకు’ దగ్గర వేలు ఆగింది.
పదేళ్ళు హాజరుపట్టీలో చెయ్యెత్తింది బినీళా.
ఆ సోమవారం తలుపు తెరుచుకోనిది వినీలకి.
ఒకరి సంగతి ఇంకొకరికి
ఎవరైనా చెప్పారో లేదో.

నోటరీ ముద్ర వేశాడు.
కింద సాక్షి సంతకం నాది: బాసుదేబ్.
ఇంట్లో నన్ను వాసుదేవుడంటారు.
నలభై ఏళ్ళుగా ఈ టేబులు దగ్గర
రుజువు చూపించమని ఎవరూ అడగలేదు.

డిసెంబరులో ఒక ఫోటో పంపింది.
ఏదో మేడ గుమ్మం, వరసగా గంటల మీటలు,
ఒక మీట పక్కన చిన్న కాగితం ముక్క మీద
లోపింటి.
అంతే. అక్కడ ఇంటిపేరే రాస్తారట.
‘వ’ లేదు, ‘బ’ లేదు.

బాగుందమ్మా అని రాద్దామని
అక్షరాలు వెతుక్కుంటుంటే
బెంచీ మీద వంశీ అనే కుర్రాడు,
కెనడాకట, ప్లాస్టిక్ సంచిలో
బంశీని మోసుకుని కూర్చున్నాడు.
ఫోను బోర్లించి,
"ఇలాగివ్వు బాబూ కాగితాలు" అన్నాను.