రేకు

రాజమండ్రిలో ఒక చీకటి గది.
ఎడం పక్కకి తిరిగి పడుకోమన్నారు.
పక్కటెముకల మీద చల్లటి జిగురు పూసి
ఆ టెక్నీషియన్ పిల్ల తెర మీద చూపించింది:
"ఇవిగో, ఈ రెండూ రేకులు.
గట్టిగా మూసుకోవాలి. మూసుకోవట్లేదు."

రేకులా?
నాకు తెలియని రేకులా!
పదహారేళ్లుగా
బోర్లించిన కుండ మీద పిండిగుడ్డ లాగి
కొబ్బరాకు మంట ఎగిసేలోపు
ఊపిరి బిగబట్టి రేకు లేపుతున్నదాన్ని.
రోజుకి మూడొందలు.
చిరిగినవేవో వేలికే తెలిసిపోయేది.
లోపలిది చిరిగిందని మాత్రం
ఏ వేలూ చెప్పలేదు.

"చిన్నప్పుడు కీళ్లు వాచి జ్వరం వచ్చిందా?"
వచ్చింది. ఆరో తరగతి అక్కడే ఆగింది.
మోకాళ్లకి ఆముదం, నలభై రోజులు మంచం.
జ్వరం పోయిందనుకున్నాం.
పోతూ పోతూ
తలుపు బందు ఊడగొట్టి పోయిందట.

నేనెక్కిన బస్సు కంటే ముందే
కబురు ఆత్రేయపురం చేరింది.
సత్తెవేణి నా చేతిలో బిందె లాక్కుంది.
మా ఆయన నూకాలు
సైకిల్‌కి తాళమేసి
చెవి జేబులో వేసుకున్నాడు.
"గుండె చిక్కబట్టుకో" అన్నారు అందరూ.
ఎక్కడ పట్టుకోవాలో, ఏ చేత్తో పట్టుకోవాలో
ఎవరూ చెప్పలేదు.

రెండు నెలలు కూర్చున్నాను.
కూర్చుంటేనే
దాని చప్పుడు ఎక్కువ వినబడేది.
రాత్రిళ్లు గుండె మీద చెయ్యేసుకుని పడుకోవడమంటే
నిశ్చింత అంటారు కదా,
నేను కాపలా పడుకునేదాన్ని.

రెండోసారి వెళ్తే డాక్టరు
"ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడు.
"ఏం చెయ్యట్లేదండి" అన్నాను, మంచి మార్కులొస్తాయని.
ఆయన కలం కింద పెట్టాడు.
"చెయ్యొద్దని ఎవరన్నారు?
లీకుంది. ముదరలేదు. ఆర్నెల్లకోసారి చూసుకుందాం.
నడువు. సైకిల్ తొక్కు.
మాట్లాడుతూ తొక్కగలిగినంతసేపు తొక్కు.
మాట ఆగితే దిగిపో."

ఆయ్, అంతే చెప్పాడు.
ఆ రాత్రే నూకాలు జేబులోంచి చెవి తీసుకున్నాను.

ఇప్పుడు లొల్ల నుంచి కాలవగట్టు మీద
మాట్లాడుకుంటూ వెళ్తాను.
బాతులతో కాసేపు,
కిలో నెయ్యి ధరతో కాసేపు,
ఎదురుగా లేని అత్తగారితో చాలాసేపు.
పిచ్చెక్కిందనుకున్నారు మొదట్లో.
అనుకోనీ.
వంతెన ఎక్కేచోట మాట అరిగిపోతుంది.
దిగుతాను. నెట్టుకుంటూ ఎక్కుతాను.
అవతల పల్లంలో మళ్లీ అత్తగారు.

లాకుల దగ్గర లస్కరు వీరాస్వామి
తలుపు సందున కారే నీళ్లు చూపించి
"నేను పుట్టకముందు నుంచీ ఇంతే,
చేలేమన్నా ఎండాయా?" అన్నాడు ధైర్యానికి.
మంచివాడే. మాటే నాకు నచ్చలేదు.
ఎండాకాలం కాలవ కట్టేస్తారు,
పూడిక తీస్తారు, తలుపులు బాగుచేస్తారు.
దీన్ని నెల్లాళ్లు ఎవరు కట్టేస్తారయ్యా?
ఎప్పుడో ఒకనాడు కోసి చూడాల్సిరావచ్చు.
ఆ భయం ఉంది. సైకిల్ వెనక కేరేజీ మీద కూర్చునే వస్తుంది.
దాని బరువు అలవాటైంది.

మూడు వారాలకోసారి సూది.
నడుం కింద నిప్పు పెట్టినట్టుంటుంది.
నర్సమ్మ కేలెండర్ మీద చుక్క పెడుతుంది,
నేను చుక్కలు లెక్కపెట్టడం మానేశాను.
కుండ మాత్రం కిటికీ పక్కకి మార్పించాను,
పొగ అటు పోతుంది.

చిరిగిన రేకు పారెయ్యం మేం.
మంచివి రెంటి నడుమ పెట్టి
నెయ్యి తాకించి, బెల్లంపొడి చల్లి మడుస్తాం.
తిన్నవాడెవడూ ఇంతవరకూ
వెనక్కి తెచ్చివ్వలేదు.

నిన్న మా చిన్నది లావణ్య పందెం కట్టింది,
లాకుల నుంచి కొబ్బరి దింపుల షెడ్డు దాకా.
దానికి పన్నెండేళ్లు, కొత్త సైకిలు.
ఎవరు గెలిచారని అడక్కండి.
షెడ్డు దాకా
నేను మాట్లాడుతూనే ఉన్నాను.