పాల లెక్కల నోటుబుక్కు

మా కనకవల్లి అత్తకి
చూళైలో కళ్ళద్దాల కొట్లో పని.
పొద్దంతా గాజుముక్కలు అరగదీసి
గోళ్ళ సందుల్లో తెల్లటి పొడితో ఇల్లు చేరుతుంది.
"ఇవాళ ఎవరి చూపు బాగుచేశావు?" అంటే
"లారీ డ్రైవరొకడు, పూలమ్మే అవ్వ ఒకామె" అంటుంది.

పోయిన జనవరిలో
రెండు అద్దాలు మిగిలాయని
పైపు ముక్కకి అటొకటి ఇటొకటి బిగించింది.
మొట్టమాడి మీద, నీళ్ళ ట్యాంకుకి ఆనించి,
ఆరేసిన చీరల్ని పక్కకి జరిపి
"ఊపిరి బిగబట్టి చూడు" అంది.

బృహస్పతి!
మెంతిగింజంత.
పక్కన ఉప్పురవ్వల్లా మూడు చుక్కలు.
నేను తుమ్మాను,
ఆకాశమంతా ఊగిపోయింది.

"గెలీలియో అని ఒకాయన,
నాలుగు వందల ఏళ్ళ కిందట, ఇటలీలో,
తన అద్దాలు తనే అరగదీసుకున్నాడు.
ఇలాంటి జనవరిలోనే,
అక్కడిది అసలు చలి, మన మార్గళి కాదు,
మొదట మూడింటినే చూశాడు."
"చూసి?"
"మర్నాడు మళ్ళీ చూశాడు."

అత్త కథల్లో రాజులుండరు.
మర్నాళ్ళుంటాయి.

పాల లెక్క రాసే నోటుబుక్కులో
ఒక సున్న గీశాను, పక్కన చుక్కలు.
సోమవారం: అటు రెండు, ఇటు ఒకటి. అర లీటరు.
మంగళవారం: మబ్బు. చుట్టాలొచ్చారు, రెండు లీటర్లు.
బుధవారం: మూడూ ఒకవైపే.
కింది వాటా జెబరాజ్ మామ పైకొచ్చి
పైపు కారుతోందా అని అడిగి వెళ్ళాడు.
గురువారం: నాలుగు!
ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కున్నావే?
వెనకాల! చుట్టూ తిరిగి వచ్చింది!

అంటే అన్నీ మన చుట్టూ తిరగవన్నమాట.
పెరంబూరు వైపు లోకల్ రైలు
తనకేం పట్టనట్టు కూత వేసుకుంటూ పోయింది.

"ఆయనా అదే అన్నాడు.
భూమి కూడా తిరుగుతోందన్నాడు.
పెద్దలకి కోపమొచ్చింది. తప్పని ఒప్పించి
ఇంట్లోంచి కదలొద్దన్నారు.
చివర్లో రెండు కళ్ళూ పోయాయి."

"నువ్వుంటే కళ్ళద్దాలు చేసిచ్చేదానివిగా?"
అత్త తన గోళ్ళ వంక చూసుకుంది.
"అద్దాలకి వచ్చే చూపు కాదమ్మా అది."
కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.
చీర కొంగొకటి గాలికి ట్యాంకుని తడుతూనే ఉంది.

నెలాఖరున పాలాయన
లెక్క చూస్తూ చూస్తూ ఆగిపోయాడు.
"ఏం పాపా, ఈ సున్నకీ ఈ చుక్కలకీ
ఎంత వేసుకోవాలి?"

ఆ రాత్రి ఆయన్నీ పైకి పిలిచాం.
చెప్పులు మెట్ల కిందే విడిచి ఎక్కాడు.