పదిహేడు కిలోలు

ముప్పయ్యొక్క ఏళ్లు సదర్లాండ్ తపాలా కచేరీలో
ముద్రలు కొట్టిన కుడిచెయ్యి
రెండేళ్లుగా వణుకుతోంది.
కప్పు పట్టుకుంటే సాసరు మాట్లాడుతుంది.
టెలిస్కోప్ మర పట్టుకుంటే
శనిగ్రహం, వలయంతో సహా,
గాలానికి తగిలిన చేపలా తన్నుకుంటుంది.

"ఇక మోటారుది కొనాల్సిందే" అంది ద్రీకా యాఫ్తా
పొయ్యిలోకి ముళ్లకంప తోస్తూ,
గోడమీది కేలండరుతో అన్నట్టు.
ఆ ఏడు వాళ్ల వెనకగదిలో అద్దెకున్న నేను
ఊఁ కొట్టాను.

పాత స్టాండు ఆమె తమ్ముడు చేసింది:
ఆగిపోయిన గాలిమర గేరుపెట్టె,
లారీ బేరింగు, రైలుపట్టా ముక్క.
దానితో దేన్నైనా వెతకాలంటే
ముందు ఆకాశాన్ని మనమే గుర్తుపట్టాలి.
ధ్రువుడికి పీట వేసిన రోజున
దక్షిణాన ఎవర్నీ కూర్చోబెట్టలేదు కదా,
త్రిశంకు పొడవుని నాలుగున్నర సార్లు పరిచి
ఖాళీ చీకట్లో ఒకచోట వేలు పెట్టి
"ఇక్కడ" అనేది.
ఎవరూ కాదనేవాళ్లు కారు.

వూస్టర్‌లో ఇగ్షాన్ పార్కర్ దుకాణం.
బల్లమీద రెండు.
ఒకటి అడుగుతుంది. చేతిపెట్టెలో ఎర్రక్షరాలు:
ఒక చుక్క చూపించు. ఇంకొకటి చూపించు.
చూపిస్తే సరే అంటుంది.
రెండోదానికి ఓ బుల్లి కెమెరా కన్ను,
దాన్ని ఆకాశంలో నాలుగుచోట్ల తిప్పి
మూడు నిమిషాల్లో తనే తేల్చుకుంటుంది
ఏది ఏ చుక్కో.

"అబద్ధం చెబితే?" అంది ద్రీకా.
"కనోపస్‌ని చూపించి సిరియస్ అంటే?"
నాకు అగస్త్యుడనీ లుబ్ధకుడనీ వినబడింది.
"మొదటిది నమ్మేస్తుంది," అన్నాడు ఇగ్షాన్,
"నమ్మి, చంద్రుణ్ణి చూపమంటే మీ కోళ్లగూడు చూపిస్తుంది."
"మరి ఇది?"
"మిమ్మల్ని అడిగితే కదా!"

ద్రీకా మొదటిదాన్నే నిమిరింది.
చిరునామా సగమే ఉన్న ఉత్తరాల్ని కూడా
నలుగుర్నీ అడిగి గుమ్మం చేర్చిన మనిషి,
అడిగేదాన్నే ఎంచుకుంటుందని నాకు తెలుసు.
ధర అడిగింది. ర్యాండ్లు రెండుసార్లు లెక్కపెట్టింది.
తర్వాత ఎత్తబోయింది.

పదిహేడు కిలోలు. ఎదురుబరువు వేరే.
బల్లమీంచి వేలెడు లేచి, దిగింది.
ఇగ్షాన్ కిటికీవైపు చూశాడు.
నేను నా బూట్లవైపు చూశాను.
"ఆ రెండోది ఎంత బరువు?"
ఏడు.

దారిపొడుగునా మాట్లాడలేదు.
వెర్లాటెన్‌క్లూఫ్ కనుమ ఎక్కుతుంటే ఒక్కసారి:
"ఏడు కిలోలంటే, పుట్టి పదిరోజులైన గొర్రెపిల్ల."

మే నెల. పెరట్లో నీళ్లతొట్టిమీద
అప్పుడే పలుచగా మంచు కడుతోంది.
పక్కింటి రువేన్ మూడు కాళ్లూ సర్ది నిలబెట్టాడు.
యంత్రం కన్ను తిప్పడం మొదలెట్టింది.
రూయిబోస్ టీ తెస్తానని లోపలికెళ్లిన ద్రీకా
వచ్చేసరికి అంతా అయిపోయింది.
"నన్నొక్క మాటైనా అడగలేదు," అంది
ముహూర్తం పెట్టేశాక కబురందిన మేనత్తలా.

చేతిపెట్టె అందుకుని కనోపస్ నొక్కింది.
మోటారు పిల్లిలా గురగురమంటూ
నైరుతికి తిరిగి ఆగింది.
వంగి చూసింది.
చుక్క నడుమ లేదు, కాస్త ఎడమకి ఒదిగింది.

బాణంగుర్తు మీద బొటనవేలు.
వణుకు వేలు దాటి పెట్టెలోకి దిగింది,
పెట్టె దాటి తీగలోకి పాకింది,
వేలాడే తీగ కూడా కొంచెం ఊగింది,
గొట్టం దాకా మాత్రం రాలేదు.
అగస్త్యుడు నింపాదిగా నడిచొచ్చి
నట్టనడుమ నిలబడ్డాడు.

ఎంతసేపటికీ తల ఎత్తదు.
టీ చల్లారిపోయింది. నాది కూడా.
"ఏం కనబడుతోంది ఆంటీ?" అన్నాడు రువేన్.
"కదలడం లేదురా" అంది.
"నేనూ చూస్తా."
"కదలడం లేదు" అని మళ్లీ అంది,
వాడికి చోటివ్వకుండా.